దూరమూ – కాలమూ

దూరాన్ని కొలవడానికి కిలోమీటర్లున్నాయి. అయినా పినపాక వంటి అడవి అంచు ఊళ్లలో దూరాన్ని కాలంతోనే చెబుతారు. “భద్రాచలం ఎంత దూరం?” అని అడిగితే, “పొద్దుటి బస్సు అందితే మధ్యాహ్నంలోగా పని చూసుకోవచ్చు” అంటారు. ఆ మాటలో అనుభవసారం ఉంది.

కాళిదాసు మేఘసందేశాన్ని గూర్చి తరగతిలో ముచ్చటిస్తున్నప్పుడు ఒక విద్యార్థిని, “సార్! మేఘానికి అడ్డేమీ లేదు గదా! విమానం కూడా అలా తిన్నగానే పోతుందా?” అని ప్రశ్నించింది. “లెక్క వేసి చూద్దామమ్మా” అన్నాను.

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు తావుల నడుమ అతి తక్కువ దూరం మహావృత్తపు చాపం వెంట ఉంటుంది. ఆ లెక్కన కడప విమానాశ్రయం నుండి రాజమహేంద్రవరం విమానాశ్రయానికి సుమారు 435 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే చిన్న విమానానికి అది 52 నిమిషాల దూరం. పైకి లేవడానికి, కిందికి దిగడానికి పట్టే సమయాన్ని కలిపితే గంట దాటుతుంది. నేరుగా పోయే విమానం లేని రోజున హైదరాబాదు మీదుగా వెళ్లాలి. అప్పుడు దూరం సుమారు 665 కిలోమీటర్లవుతుంది. నడుమ మరో విమానం కోసం నిరీక్షణ తప్పదు. ఎగిరే కాలం కంటె ఎదురుచూసే కాలమే అధికం కావచ్చు.

చిన్న పట్టణాలకు ఈ శ్రమ తగ్గించాలన్నదే ఉడాన్ పథకం ఆశయం. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద తొలి విమానాలు ఎగిరినప్పుడు వాటిలో కడప–హైదరాబాదు విమానం కూడా ఉంది.

ఉత్తరదిశకు పోయే మేఘాన్ని, దారి వంకరైనా సరే ఉజ్జయినిని చూసి పొమ్మంటాడు యక్షుడు. అది కోరి ఎంచుకున్న చుట్టుదారి, అందులో ఆనందముంది. దిక్కులేక తిరిగే చుట్టుదారిలో ఆయాసమే మిగులుతుంది. రోగిని తీసుకుపోయేవారికి ఆ భేదం బాగా తెలుసు.

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించింది. వంతెనపై రాకపోకలు ఆగిపోయాయి. సారపాకకూ భద్రాచలానికీ నడుమ దూరం అంగుళమైనా పెరగలేదు. కాని పినపాక వైపు నుండి భద్రాచలం ఆసుపత్రికి పోవలసిన వారికి ఎదుటి గట్టు అందరాని తీరమైంది.

అంతకు ముందు ఏడాదే, 2021 సెప్టెంబరు 11న, వికారాబాదులో డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది. ఆకాశమార్గం ప్రయాణికులకే కాదు, మంచాన ఉన్నవారికీ అక్కరకు రాగలదని అది సూచించింది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు కావచ్చు. పటం మీద రెండు ఊళ్లను కలుపుతూ గీత గీసేటప్పుడు దాని పొడవును మాత్రమే చూడకండి. ఆ గీత చివర ఉన్న మనిషికి సాయం ఎంతసేపటిలో అందుతుందో కూడా లెక్కించండి.