బొంగురు పెట్టె

నా చిన్నతనంలో మా నాన్నగారికి తెనాలిలో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. అప్పటి రేడియోల్లో వాల్వులు ఉండేవి. వెనక అట్ట తీస్తే గాజుబుడ్లలో నిప్పుకణికల్లాంటి వెలుగు కనిపించేది. ఆ వెలుగు చూస్తూ ఎంతసేపైనా కూర్చునేవాణ్ణి. పని నేర్పుతానంటే మాత్రం ఏదో సాకు చెప్పి ఆటకు పారిపోయేవాణ్ణి. తరవాత వాల్వు రేడియోలు పోయాయి. దుకాణమూ మూతపడింది. నేను ఉద్యోగానికి అమెరికా వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడ్డాను.

కిందటేడు ఇక్కడ ఒక పాత ఇల్లు కొన్నాం. గారేజీ శుభ్రం చేస్తూంటే రంగుడబ్బాల వెనక, గోనెసంచి రంగు బట్ట అంటించిన చిన్న పెట్టె ఒకటి దొరికింది. ముందు లౌడ్‌స్పీకరు, పైన ఒకే ఒక మర. గిటారు నేర్చుకుంటున్న మా అమ్మాయి దాన్ని చూసి ఎగిరి గంతేసింది. అది ఎలెక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయరు! ఎలెక్ట్రిక్ గిటారు తనంతట తాను గట్టిగా మోగదు. తీగ కదిలితే, దాని కింద అయస్కాంతం మీద చుట్టిన రాగితీగలో రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని పెంచి లౌడ్‌స్పీకరుకు అందించేదే ఈ పెట్టె. లోపల అంటించిన కాగితం మీద ఫెండర్ కంపెనీవారి ‘చాంప్’ అని ఉంది. 1950ల చివర, 1960ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో తయారైన రకం అది.

వెంటనే ప్లగ్గు పెట్టబోయాను. ఎందుకో చెయ్యి ఆగింది. తెనాలికి ఫోను చేశాను.

నాన్నగారికి ఇప్పుడు ఎనభై నాలుగేళ్ళు. మా ఇద్దరికీ భోజనం, మందులు తప్ప మాట్లాడుకునేందుకు పెద్దగా ఏమీ ఉండేది కాదు. “వాల్వుల మీద నంబర్లు చదువు,” అన్నారు. 12ఏఎక్స్7, 6వి6, 5వై3 అని చదివాను.

“6వి6ఆ! అవి ఎన్ని మార్చానో!” అన్నారు. ఆయన గొంతు అంత హుషారుగా విని ఎన్నేళ్ళయిందో! సర్క్యూటు బొమ్మ పంపిస్తే కళ్ళద్దాలు సర్దుకుని చూసి, “ఒరేయ్, ఇది రేడియోయే! స్టేషన్లు పట్టే సగం లేదు, అంతే,” అన్నారు. ఆ మాట నిజమే. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కూడా 1938లో ఫులర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టినవాడే. తమాషా ఏమంటే, ఆయనకు గిటారు వాయించడం రాదు!

వాల్వు ఎలా పనిచేస్తుందో నాన్నగారు మా అమ్మాయికి చెప్పారు. బుడ్డిలో గాలి ఉండదు. లోపలి రేకు వేడెక్కితే ఎలక్ట్రానులు బయలుదేరి ఎదుటి రేకు కేసి పరుగెత్తుతాయి. మధ్యలో సన్నని తీగలు ఉంటాయి. కాలవకు తూము తలుపు ఎలాగో వాటికి ఈ తీగలు అలాగ. తలుపును కాస్త కదిపితే చాలు, బోలెడు నీళ్ళు హెచ్చుతగ్గవుతాయి. గిటారునుంచి వచ్చే రవ్వంత కరెంటు చేసే పని ఆ తలుపు కదపటమే.

ఆయన చెప్పినట్టే సీరీస్ బోర్డు తయారుచేశాను. అంటే పెట్టెకు వెళ్ళే కరెంటు ముందు ఒక పాతరకం బల్బు గుండా వెళుతుంది. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పెట్టె మాత్రం కాలదు. స్విచ్చి వేశాను. బల్బు ఒకసారి వెలిగి మందగించింది. వాల్వులు ఎర్రబడ్డాయి. కాని లౌడ్‌స్పీకరులోంచి తుమ్మెదల గుంపులాగా ఒకటే రొద! ఫోను దగ్గర పెట్టాను.

“కండెన్సర్లు ఎండిపోయాయి,” అన్నారు నాన్నగారు. పంపు నీరు విసిరి విసిరి పోసినా, ట్యాంకు ఉంటే కుళాయిలో ధార ఒకేలా పడుతుంది. కండెన్సరు అలాంటి ట్యాంకు. అది పాడైతే కరెంటు ఒడుదుడుకులే రొదగా వినిపిస్తాయి.

“సరే, ప్లగ్గు తీశానుగా, మార్చేస్తాను,” అన్నాను.

“చెయ్యి పెట్టకు!” అని కేకవేశారు. “ఆ మాటే అన్న కుర్రాడు మన దుకాణంలో గోడకు పోయి కొట్టుకున్నాడు.” ఈ పెట్టెలో మూడు వందల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసినా కండెన్సర్లలో అది నిలవ ఉండవచ్చు. (ఇలాంటి పెట్టె దొరికితే మీరు మాత్రం మూత విప్పకండి.) ఒక చెయ్యి జేబులో పెట్టించి, మీటరుతో కొలిపించి, అంతా ఖాళీ అయిందన్నాకే పని చెయ్యనిచ్చారు. కాలేజీలో ఇదంతా చదివినవాణ్ణే! అయినా నాకు చెమటలు పట్టాయి.

మూడు కండెన్సర్లు మార్చాను. పాత రెండు కాళ్ళ ప్లగ్గు తీసి, ఎర్తు ఉన్న తీగ వేశాను. లౌడ్‌స్పీకరు అట్ట చిరుగుకు పల్చని కాగితం అంటించాను. ఇక్కడ రాత్రి, అక్కడ పగలు. అయిదు రోజులూ నాన్నగారు ఫోను దగ్గరనుంచి కదలలేదట. అమ్మ చెప్పింది.

చివరకు స్విచ్చి వేశాం. రొద లేదు. అమ్మాయి తీగ మీటితే గంటలాగా మోగింది. తరవాత అది మరను పన్నెండుదాకా తిప్పి మళ్ళీ మీటింది. శబ్దం బొంగురుపోయింది.

“ఆపు, ఆపు! ఇంకేదో పాడైంది!” అన్నారు నాన్నగారు.

“లేదు తాతయ్యా, ఈ బొంగురు కోసమే గిటారు వాళ్ళు ఇలాంటి పెట్టెలు వెతుక్కుంటారు!”

నాన్నగారు కొంచెంసేపు మాట్లాడలేదు.

“దాన్ని పోగొట్టడానికే నాకు జనం డబ్బులిచ్చేవాళ్ళు,” అన్నారు. “సరే, ఇంకోసారి మీటు, విందాం.”