ఆరుతడి

పోయిన వేసవిలో నాన్న మొదటిసారి అమెరికా వచ్చాడు. వచ్చిన రెండో రాత్రి పదకొండున్నరకు గదిలోంచి హడావిడిగా బయటికొచ్చి, "పాపా, కరెంటొచ్చినట్టుంది. నీళ్లు పారతాండాయి" అన్నాడు.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. మోటార్లకు చాలా ఏళ్లు రాత్రిళ్లే కరెంటు ఇచ్చేవారు. చీకట్లో నీళ్ల చప్పుడంటే నాన్నకు టార్చిలైటు పట్టుకుని చేనికి పరిగెత్తడమే. "అవి మన లాన్‌లో స్ప్రింక్లర్లు నాన్నా, వాటంతటవే తిరుగుతాయి" అని చెప్పి పడుకోమన్నాను. పొద్దున కళ్లు చూస్తే తెలిసింది, నిద్రపోలేదని.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్ శివార్లలో. ఇంటి ముందూ వెనకా లాన్ ఉంది. అది ఎండితే కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వస్తుంది. మాకు అప్పటికే ఒకటి వచ్చింది. ఆ భయానికి మావారు రోజూ రాత్రి పది నిమిషాలు నీళ్లు పడేలా టైమర్ పెట్టారు. నీళ్ల బిల్లు పెరిగింది గానీ గడ్డి మాత్రం బాగుపడలేదు. పైగా అక్కడక్కడా గుండ్రంగా ఎండుమచ్చలు. ఇంకో ఐదు నిమిషాలు పెంచితే సరిపోతుందేమో అనుకుంటున్నాం.

నాన్న లాన్‌లో కూర్చుని ఒక పోచ పీకి చూసి నవ్వాడు. "ఇది గరికే కదా పాపా!"

నిజమే. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అని డబ్బులు పెట్టి పరిపించుకునేది మన గరిక జాతే. వినాయకచవితి రోజు తప్ప నాన్న దానికి ఎన్నడూ మర్యాద ఇచ్చింది లేదు. "దీన్ని చంపేదానికి నలభై ఏండ్లు దున్నితిని. మీరు నీళ్లు పోసి సాకుతాండారా?" అన్నాడు. ఆ తర్వాత, "ఈ నీళ్లు యాడివి?" అనడిగాడు.

"మనం తాగే నీళ్లే. అదే పైపు."

నవ్వు ఆగిపోయింది. మా చేలో నాన్న మూడు బోర్లు వేయించాడు. రెండింట్లో చుక్క పడలేదు. మూడోది నాలుగేళ్లు పోసి ఎండిపోయింది. ఆ అప్పు తీర్చడానికి నాలుగెకరాలు అమ్మాడు. అప్పుడు నేను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆ ఏడాది నా ఫీజు కూడా ఆ డబ్బుల్లోంచే కట్టాడని పెళ్లయ్యాక అమ్మ చెప్పింది. నాన్న ఏనాడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు కూడా ఏమీ అనలేదు. "స్క్రూడ్రైవర్ ఉందా?" అన్నాడంతే.

నేలలో గుచ్చితే అది రెండు వేళ్ల లోతు దిగి ఆగిపోయింది. పైన తడి, కింద గట్టి. మట్టి చిదిమి చూసి, "ఇది మన రేగడే" అన్నాడు. డాలస్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ఒకప్పుడు పత్తి విరివిగా పండిన నల్లమట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. ఇన్నేళ్లుగా దానిమీదే నడుస్తూ నేను గుర్తుపట్టలేదు.

"రోజూ నాలిక తడిపితే దప్పిక తీరుతాదా? తడి పైనే ఉంటే వేరూ పైనే ఉంటాది. ఎండకు తట్టుకోలేదు. దీనికి ఆరుతడి ఇయ్యాల."

ఆరుతడి! ఆ మాట విని ఎన్నేళ్లయిందో. నేలను కాస్త ఆరనిచ్చి, అప్పుడు లోతుగా తడపడం. కింద పదును ఉంటే వేరు కిందికి దిగుతుంది. మా ఊళ్లో శనగ పండేది రేగడి దాచుకున్న ఆ పదునుతోనే.

మర్నాడు వంటింట్లోంచి నాలుగు స్టీలు గిన్నెలు తెచ్చి లాన్‌లో తలోచోటా పెట్టించాడు. పది నిమిషాలకు పావు అంగుళం నీళ్లు నిండాయి. నడివేసవిలో ఈ గడ్డికి వానతో కలిపి వారానికి సుమారు ఒక అంగుళం చాలు. అంటే మా స్ప్రింక్లర్లకు నలభై నిమిషాలు. మేము పోస్తున్నది డెబ్బై! ఆ నలభైని రెండు రోజులకు పంచాం. అయితే ఇరవై నిమిషాలు ఒకేసారి వదిలితే రేగడి తాగలేదు, ఎనిమిదో నిమిషానికే నీళ్లు రోడ్డెక్కాయి. అందుకని ఏడేసి నిమిషాలు మూడు విడతలు, మధ్యలో గంట విరామం.

వేళ కూడా మార్చాం. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు పట్టడం సులువు. మధ్యాహ్నం పోస్తే ఎండా గాలీ కొంత తినేస్తాయి. వేసవిలో ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా స్ప్రింక్లర్లు వేయకూడదని ఇక్కడ నియమం కూడా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే మూడు విడతలూ పొద్దు పొడిచేసరికి అయిపోతాయి. ఎండ రాగానే ఆకు ఆరిపోతుంది.

"టైమర్‌కేం తెలుసు? నువ్వు నడిచి చూడు" అనేవాడు నాన్న. అడుగు తీయగానే గడ్డి లేచి నిలబడితే నీళ్లక్కర్లేదు. అడుగుల గుర్తులు అలాగే ఉండి, రంగు బూడిదబారితే అప్పుడు అడుగుతోందన్నమాట.

ఒక్కసారిగా మాన్పించలేదు. ముందు రోజు విడిచి రోజు, తర్వాత మూడు రోజులకు, ఆ తర్వాత వారానికి రెండుసార్లు. మొదటి పది రోజులు గడ్డి ఇంకా వాడింది. "ఈసారి జరిమానా వేస్తారేమో మామయ్యా" అన్నారు మావారు. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా నీళ్లు వదలబోయాను. వెనక్కి చూస్తే గుమ్మంలో నాన్న. ఏమీ అనలేదు. బోర్ల విషయంలో ఒకసారి ఓడిపోయిన మనిషి, ఇక్కడ గరిక ముందు కూడా ఓడిపోతానేమోనని భయపడుతున్నట్టు అనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

నెల తిరిగేసరికి స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. బిల్లు తగ్గింది. మచ్చల్లో ఒకటి నాన్న వెళ్లేదాకా పోలేదు గానీ, రెండో ఉత్తరం మాత్రం రాలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి తన లాన్‌కీ ఇదే లెక్కా అని ఫోన్ చేసింది. "మీది ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల. గబగబా తాగుతాది, గబగబా ఇడిచిపెడతాది. తడి కొంచెం తగ్గించి, దగ్గర దగ్గరగా ఇయ్యి" అన్నాడు నాన్న. నేలను బట్టే లెక్క.

వెళ్లే ముందురోజు అడిగాడు, "మనం పోయకుండా మిగిల్చిన నీళ్లు ఏమైతాయి?"

"చెరువులోనే ఉంటాయి నాన్నా."

"ఉండనీ" అన్నాడు.

అక్టోబరులో ఫోన్ చేసి ముందుగా అడిగిన మాట, "వాన పడిందా?" అని. నిన్న రాత్రి పడిందని, టైమర్ ఆపేశానని చెప్పాను. "మంచి పని చేసినావు. ఈడా పదునైంది పాపా. మిగిలిన మూడెకరాల్లో రేపు శనగ ఇత్తుతాండాం" అన్నాడు.