నా టీచరు బతుకు - 14: ఆ 'గుడ్' మనకు మంచిది కాదు

కిందటి వారం ఒక చెల్లె ఫోన్ చేసింది. కేంద్ర ప్రభుత్వ బడిలో టీచరు. "అన్నా, ఏపీఏఆర్‌లో నాకు 5.2 వేసిండ్రు. గుడ్ అని ఉంది. గుడ్డే గదా, ఊకోవాల్నా?"

ఊకోవద్దమ్మా అన్న. ఎందుకో మీ అందరికీ చెప్పాలె.

ఆ లెక్కలో 4 నుంచి 6 లోపు 'గుడ్'. 6 నుంచి 8 లోపు 'వెరీ గుడ్'. ప్రమోషన్‌కు 'వెరీ గుడ్' కావాలన్న కాడ 'గుడ్' అంటే తలుపు మూసినట్టే. దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఇదే జరిగింది. ఒక్క ఏడాది 'గుడ్' అని రాసి ఆయనకు చెప్పనే లేదు, ప్రమోషన్ పోయింది. ఏ గ్రేడు వేసినా ఉద్యోగికి చెప్పాల్సిందేనని 2008లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి అదే మాట ఖాయం చేసింది.

నాకూ ఒక ఏడు అట్లనే వచ్చింది. హాస్టల్ బాత్రూములు మన పిల్లలతోనే ఎందుకు కడిగిస్తున్నరని స్టాఫ్ మీటింగులో అడిగిన ఏడు అది. రిపోర్టులో 'సహకరించే స్వభావం లేదు, భాష మెరుగుపడాలి' అని రాసిండ్రు. నా భాష అంటే మా వాడ భాష.

క్లర్కు కాయితం ముందర పెట్టి సంతకం చేయమన్నడు. చెయ్యి ఆడలే. మా నాయిన చదువు రానోడు. పటేలు చూపెట్టిన కాయితం మీద వేలిముద్ర ఏసి ఎకరం పోగొట్టుకున్నడు. నేను 'అందింది' అని మాత్రమే రాసి, తారీకు వేసి సంతకం పెట్టిన. అందింది అంటే ఒప్పుకున్న అని కాదు.

ఆ తారీకు చాలా ముఖ్యం. కేంద్ర ఉద్యోగులకు 2009 మే 14 నాటి ఆదేశం ప్రకారం అభ్యంతరం చెప్పడానికి 15 రోజులే గడువు. దాటితే ఆ రిపోర్టే ఖాయం. మనం రాసుకున్న కాయితం అందిన 30 రోజుల్లో పై అధికారి తేల్చాలె. రాష్ట్ర బళ్లు, గురుకులాల రూల్సు వేరు, మీ సర్వీసు రూల్సు చూసుకోండ్రి.

మొదటి రాత్రి రాసింది నాలుగు పేజీల కోపం. పొద్దున చింపేసిన. మల్ల ఒక్కో మాటకు ఒక్కో జవాబు రాసిన. భాష బాగలేదన్నరా? నా క్లాసు చూసి పరిశీలన రిజిస్టర్లో అదే ప్రిన్సిపాల్ మూడుసార్లు 'బోధన స్పష్టంగా ఉంది' అని రాసిండు. ఆ పేజీల నకళ్లు ఆర్టీఐ కింద అంతకు ముందే తీసి పెట్టుకున్న, అవి జత చేసిన. సహకారం లేదన్నరా? ఏ రోజు, ఏ పని కాదన్ననో చెప్పమన్న. పదో తరగతి ఫలితాలు, అదనంగా చేసిన డ్యూటీల ఆర్డర్లు వరుసగా పెట్టిన. రసీదు తీసుకున్న.

కులం మాట రాయాల్నా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్న. సీనియర్ సారొకాయన "రాస్తే సంఖ్య మారదు" అన్నడు. చివరికి ఒకే పేరా రాసిన: మీటింగు తేదీ, నేనడిగిన ప్రశ్న, ఆ తర్వాత వచ్చిన రిపోర్టు తేదీ. విశేషణాలు లేవు. అది తేలకపోతే ఎస్సీ కమిషన్ ఉంది, రాజ్యాంగం 338వ అధికరణ మన కోసమే పెట్టింది.

గ్రేడు 6.4 అయింది. ఆ రెండు మాటలు కొట్టేసిండ్రు. కాని ఆర్డర్లో బాత్రూముల ముచ్చట లేదు, కులం ముచ్చట లేదు. నా నంబరు మారింది. పిల్లల చేతుల్లో చీపురు పోవడానికి ఇంకో ఏడాది కొట్లాడాల్సొచ్చింది. అది వచ్చే భాగంలో చెప్త.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మీరు కూడా ఆ కుర్చీలో కూర్చుంటరు. రిపోర్టు వచ్చినంక ఆధారాలు ఎతుక్కుంటే 15 రోజులు సరిపోవు. జూన్‌లోనే ఒక ఫైలు తెరవండ్రి. మనల్ని మెచ్చుకున్న ప్రతి కాయితం అందులో దాచుకోండ్రి.

చెల్లెకు ఇంకా తొమ్మిది రోజులున్నయి. ఇయ్యాల కూసొని రాస్తున్నం.

జై భీమ్.