పదహారు గ్రాముల గాలి

తుర్కపల్లి దగ్గర రాజీవ్ రహదారి పక్కన పంచర్ దుకాణంలో కూర్చున్నాను. నా స్కూటర్ వెనక టైర్లో మేకు దిగింది. ఆదివారం పొద్దున. నాకంటే ముందే ఒక సైకిలు కుర్రాడు వచ్చి ఉన్నాడు. శామీర్‌పేట చెరువు దాకా అని బయల్దేరి, కాళ్లు ఊరుకోక ఇంత దూరం తొక్కే రకం. ట్యూబుకు అతుకైతే పడింది గానీ, ఆ సన్నటి వాల్వుకు కంప్రెసర్ పైపు పట్టలేదు.

కుర్రాడు సంచిలోంచి బొటనవేలంత ఉక్కు సీసా తీసి బిగించాడు. బుస్సుమంది. మూడు సెకన్లలో టైరు గట్టిపడింది, సీసా ఒంటినిండా మంచు పట్టింది.

"గదేం గాలి తమ్మీ?"

"కార్బన్ డయాక్సైడ్ అన్నా. పదహారు గ్రాములు."

"రేపటిదాంక ఉంటదా?"

"ఉండదు. ఇంటికి పొయ్యి మామూలు గాలి కొట్టుకోవాలె."

దుకాణదారు నవ్వాడు. నవ్వులాటకు అన్నమాట కాదది, నిజమే. ఈ వాయువు రబ్బరులో తేలిగ్గా కరిగి, ఇంకి, అవతలి వైపు తేలుతుంది. నత్రజని అంత సులువుగా దాటిపోదు. మామూలు గాలిలో 78 శాతం నత్రజనే. (బంకులో దాన్నే డబ్బిచ్చి నింపించుకునేవాళ్లను నేనేమీ అనను.)

ఎదురుగా బండ్లు పోతున్నాయి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. మండిందంటే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పెరిగిన బరువంతా గాలిలోంచి తెచ్చుకున్న ఆక్సిజన్‌ది. 12 పాళ్ల కార్బన్ 32 పాళ్ల ఆక్సిజన్‌ను వెంటబెట్టుకుపోతుంది. కుర్రాడి సీసాల లెక్కన లీటరుకు 143.

మరి సైలెన్సర్‌కే పైపు తగిలిస్తే? బురదలో దిగబడ్డ జీపు కింద సంచి పెట్టి, దాని పొగతోనే ఉబ్బించి లేపే జాకీలు ఉన్నాయి. టైరుకు మాత్రం ఆ ఒత్తిడి చాలదు. పైగా ఆ పొగలోనూ ఎక్కువ నత్రజనే. మిగతాది నీటి ఆవిరి, మసి, విషవాయువు. కావలసిన కార్బన్ డయాక్సైడ్ ఏడో వంతో ఎనిమిదో వంతో. దాన్ని విడదీసే ఖర్చు ఎవరు పెడతారు? అందుకే సిలిండర్లలో అమ్మేది చాలావరకు అమోనియా కర్మాగారాల్లోనూ డిస్టిలరీల్లోనూ పక్కసరుకుగా పుట్టినది.

ఈ రోడ్డు అటు కొసన రామగుండం. అక్కడ ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల్లోంచి ఇదే వాయువు ఊరికే ఆకాశానికి పోతుంది. అదే ఊళ్లో ఎరువుల కర్మాగారంలో ఇదే వాయువు అమోనియాతో కలిసి యూరియా అవుతుంది. ఇటు, నేను కూర్చున్న చోటికి దగ్గర్లోనే జీనోమ్ వ్యాలీ. అక్కడి ల్యాబుల్లో కణాలను పెంచే పెట్టెల్లో 37 డిగ్రీల వెచ్చదనంతో పాటు ఇది కూడా మామూలుగా 5 శాతం ఉండేలా చూస్తారు, ద్రవంలో ఆమ్లగుణం అటూ ఇటూ కాకుండా. అక్కడ అయిదు ఆరైతే యంత్రం కూత పెడుతుంది. రోడ్డు మీద కూత పెట్టేవాళ్లెవరూ లేరు.

నా టైరు అయిపోయింది. ఇల్లు ఇక్కడికి నలభై కిలోమీటర్లు. నా బండి లీటరుకు నలభై ఐదు ఇస్తుంది.