మా నాయనగారి పెట్టెలు, నా యింజనులు

మద్రాసు పెరంబూరులో పుట్టి పెరిగినవానికి రైలుబండి పిచ్చి పట్టుటలో వింతలేదు. మా పూర్వులెవరో నెల్లూరు సీమనుండి వచ్చి యిక్కడ స్థిరపడిరట. మా యింట తెలుగు, వీధిలో తమిళము. కార్ఖానా కూతకు మాత్రము భాషాభేదము లేదు. వేకువను ఆ కూత వినబడగానే మా అమ్మ నాయనగారి క్యారియరు మూత బిగించెడిది.

1955 అక్టోబరు 2వ తేదీన నెహ్రూగారు మా పేటలో ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించిరి. అచట తయారగు పెట్టెల నమూనా స్విట్జర్లాండు దేశపుది. జూరిచ్ నగరము ప్రక్కనున్న ష్లీరెన్ అను ఊరి కర్మాగారమువారు దానిని రూపొందించిరి. మా నాయనగారు ఫ్యాక్టరీలో వెల్డరుగా చేరిరి. చదువు కొంచెమే, కాని పెట్టెను గూర్చి మాట మొదలిడినచో ఇంజనీరు సయితము చెవియొగ్గవలసినదే. “పాతపెట్టె అంటే ఇనప చట్రం మీద నిలబెట్టిన కొయ్య యిల్లు, అబ్బయ్యా! రెండు బళ్ళు ఢీకొంటే ఒక పెట్టె యింకొక పెట్టెలో దూరిపోతుంది. ఇది అట్లా కాదు. నేల, గోడలు, కప్పు అన్నీ కలిపి అతికిన ఒకటే గొట్టం. దెబ్బ తగిలితే కొసలు నలుగుతవి, నడుమ మనిషి బ్రతుకుతాడు” అనెడివారు.

నా మనస్సు పెట్టెలమీద లేదు. అమెరికా వారి గ్రంథాలయములో బొమ్మల పత్రికలు తిరుగవేయుచు, ‘ట్వెంటియెత్ సెంచరీ లిమిటెడ్’ను చూచి మురిసిపోయెడివాడను. న్యూయార్కునుండి చికాగోకు సుమారు 960 మైళ్ళు. ఆ దూరమును 1938నుండి 16 గంటలలో దాటెడిది. ప్రయాణికులు నడచిపోవుటకు ప్లాట్‌ఫారముపై ఎఱ్ఱని తివాచీ పఱచెడివారట. అంతకుముందు 1934 మే 26న ‘జెఫిర్’ అను తుప్పుపట్టని ఉక్కుబండి డెన్వరునుండి చికాగోవఱకు 1,015 మైళ్ళు 13 గంటల 5 నిమిషములలో ఎక్కడను ఆగక వచ్చినది. నిజమునకు అంతకు ఏడాది ముందే జర్మనులు బెర్లిను, హాంబర్గుల మధ్య 286 కిలోమీటర్లను 138 నిమిషములలో నడపిరి. ఆ ముచ్చట నాకు తెలిసినను నాయనగారికి చెప్పలేదు. వాదములో ప్రత్యర్థికి ఆయుధ మిచ్చువారుందురా?

ఎందుకనగా మాకు నిత్యము వాదమే. ఆయనది ఐరోపా పక్షము, నాది అమెరికా పక్షము. బేసిన్ బ్రిడ్జి వద్ద మొనదేలిన ముక్కుతో డబ్ల్యు.పి. ఇంజను పోవుచుండగా, ఆ జాతిలో మొదటివి 1947లో అమెరికాలోని బాల్డ్విన్ వారు చేసి పంపినవేనని నేను విఱ్ఱవీగెడివాడను. దాని వెనుక వచ్చు పెట్టెలను వ్రేలితో లెక్కించుచు నాయనగారనిన మాట నేటికిని చెవిలో నున్నది: “ఇంజను చూసేవాడు పిల్లవాడు. పెట్టె చూసేవాడు ప్రయాణం చేసేవాడు.”

ఈ రెండు ఖండముల పెట్టెలలోని తేడా బండి పుట్టిననాటిదే. ఐరోపావారు గుఱ్ఱపు బగ్గీలను వరుసగా అతికించినట్లు చిన్న గదులు చేసి, గదికొక తలుపు పెట్టిరి. మర్యాదస్థులకు ఏకాంతము దక్కెను, అపాయమును దక్కెను. 1864లో లండనులో ఒక బ్యాంకు ఉద్యోగిని అట్టి గదిలోనే దొంగ కొట్టి చంపెను. కేకవేసినను వినువాడు లేడు. నాలుగేండ్లకు, ఆగక దూరము పోవు బండ్లలో ప్రయాణికుడు గార్డును పిలుచుటకు సాధనముండవలెనని చట్టము చేసిరి. నేడు మనవారు బంధువు దిగవలసిన స్టేషను దాటిపోవునని లాగెడి గొలుసు వంశవృక్షము అటుపోయి తేలును.

అమెరికావారు నదులపై తిరుగు పడవలవలె, నడిమి దారికి ఇరుప్రక్కల ఆసనములుంచి పెట్టెనంతయు ఒకే సావడిగా చేసిరి. అందఱును ఒకచోట కూర్చుందురని ప్రతీతి. అందఱును అనుమాట అబద్ధము. నల్లజాతివారికి వేఱు పెట్టె యుంచిన చట్టమును ధిక్కరించి 1892లో హోమర్ ప్లెసీ అనునతడు లూసియానాలో తెల్లవారి పెట్టెలో కూర్చుండగా, 1896లో అచటి అత్యున్నత న్యాయస్థానము ఆ చట్టమునే సమర్థించినది.

పుల్‌మన్ శయ్యాశకటములను పత్రికలలో చూచి మురిసినపుడు, తెల్లని కోటుతో పళ్ళెము పట్టుకొని నిలిచిన నల్లనివానిని నేను గమనింపనేలేదు. ఆ పోర్టర్లలో తొలితరమువారు అనేకులు బానిసత్వమునుండి విడుదలయైనవారు. ప్రయాణికులు వారినందఱిని ‘జార్జి’ అని పిలిచెడివారు. జార్జి పుల్‌మన్ యజమాని పేరు. బానిసను యజమాని పేర పిలుచు పాత అలవాటు అది. నన్ను బడిలో పేరుపెట్టి పిలువక ‘గొల్టీ’ యని పిలిచినవారు కొందఱుండిరి. అది ఆటపాటలలో కరగిపోయినది గాని, తన పేరు తనకు దక్కనివాని కష్టము ఆమాత్రము నాకును తెలియును. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున సంఘము కట్టి, 12 ఏండ్లు పోరాడి 1937లో కంపెనీచేత ఒడంబడికపై సంతకము చేయించిరి.

అమెరికా వెళ్ళివచ్చి ఆ శయ్యాశకటములకు ఐరోపా వేషము వేసినవాడు బెల్జియము దేశస్థుడు జార్జి నాగెల్‌మాకర్స్. తెరచాటు పడకలు తీసివేసి గదులు కట్టించెను. 1883లో పారిసునుండి బయలుదేరిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ అతనిదే. కనుక నాయనగారి పక్షము నా పక్షమునకు కొంత ఋణపడియున్నది. ఈ సంగతి నాకు తెలియునప్పటికి ఆయన లేరు.

మా అమ్మాయి చికాగోలో కాపురముండుటచే, అఱువదియేండ్లు దాటినపిమ్మట నా అమెరికా బండిని చూడగలిగితిని. ఆ జెఫిర్ బండి అచటి సంగ్రహాలయములో నున్నది. తాకి చూచితిని. తరువాత పడమటికి పోవు ఒక బండి యెక్కితిని. దాని పేరు చెప్పను. పర్వతములు కనులకు పండువు. కాని మేము ఐదుగంటలు ఆలస్యము. మైలుకు మించిన సరకుబండి దాటిపోవువఱకు ఎడారిలో నిలిచియుంటిమి. అచట పట్టాలు అధికభాగము సరకుబండ్ల కంపెనీలవి. 1956నుండి ప్రభుత్వము మహారహదారులు వేయించెను; విమానములు వచ్చెను; 1967లో తపాలాశాఖ రైళ్ళకిచ్చు పని మానుకొనెను. ఆ తపాలా రాబడితోనే ఎన్నో బండ్లు బ్రతుకుచుండెడివి. ఆ ఏడే తివాచీబండియు నిలిచిపోయినది. 1971లో ప్రభుత్వమే ఒక సంస్థను కల్పించి మిగిలిన బండ్లను అప్పగించినది. సరకు మోయుటలో ఆ దేశము నేటికిని ఘటికురాలే. మనుష్యులను మోయుటయే మఱచినది. నా ప్రక్కనున్న వృద్ధురాలు ఊలు అల్లుకొనుచు, “తొందరయున్నవారు విమానమెక్కిరి” అని నవ్వినది.

తిరుగుప్రయాణములో జూరిచ్‌లో దిగితిని. అచట 1982నుండి దేశమంతట గంటకొక బండి, ఒకటి వచ్చువేళకు వేఱొకటి సిద్ధముగా నుండునట్లు పట్టిక కట్టిరి. ఊరిబండి యెక్కి కొలది నిమిషములలో ష్లీరెన్ చేరితిని. ఆ కర్మాగారము 1980లలోనే మూతపడినది. చిన్న స్టేషను, సైకిళ్ళు, బల్లమీద బ్రెడ్డు తినుచున్న బాలుడు. మఱేమియు లేదు. నేను ప్లాట్‌ఫారముమీద నిలిచి, ఫలానావారి కుమారుడనని ఎవరితో చెప్పుకొందును? గడియారము ముల్లు తిరిగినది. బండి వచ్చినది. బెసగని బిగువైన తలుపు, కుదుపులేని కదలిక. ‘ఓడిపోతిని నాయనా’ అని లోలోపల అనుకొంటిని.

2018 జనవరిలో పెరంబూరులో ఆ స్విస్ నమూనా చివరిపెట్టె బయటికి వచ్చినది. ఇప్పుడు జర్మను నమూనా పెట్టెలు వచ్చినవి. వానిని జతపఱచు కొక్కెము మాత్రము అమెరికా పద్ధతిది. పాతనమూనా పెట్టెలు ఇంకను కొన్ని తిరుగుచున్నవి. అట్టిది ఎదుట నిలిచినపుడు, ఎక్కుటకు ముందు దాని ప్రక్కగోడపై వ్రేళ్ళతో రెండుమారులు తట్టి, అతుకున్నచోట చెవియొగ్గి వినుచుందును. సెంట్రల్ స్టేషనులో మా నాయనగారు అట్లే చేసెడివారు. మా అమ్మ సంచీలు పట్టుకొని, “ఎవరైనా చూస్తారు, ఎక్కండి” అనెడిది.