ఊదా ఆవుకూ, మామత్‌కూ ఆట

పిల్లలూ!

ఈ నవంబరు నెలలో ఒక శనివారం, రాత్రి పదిన్నర గంటలకు మీరంతా హాయిగా నిద్రపోతూ ఉంటారు. సరిగ్గా అదే సమయానికి భూగోళానికి అవతలివైపున మిట్టమధ్యాహ్నం అవుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ అనే రాష్ట్రం ఉంది. ఆ రాష్ట్రానికి వాయవ్యపు మూలన, కొండల నడుమ, విలియమ్స్‌టౌన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊళ్లో వేలమంది జనం ఉన్ని టోపీలు పెట్టుకుని, చలికి చేతులు రుద్దుకుంటూ ఒక మైదానం చుట్టూ చేరతారు. విలియమ్స్ కాలేజీకీ, ఆమర్స్ట్ కాలేజీకీ ఫుట్‌బాల్ పోటీ జరుగుతుంది. ఆ పోటీకి "అమెరికాలోకెల్లా అతి పెద్ద చిన్న ఆట" అని ముద్దుపేరు.

పెద్దదీ, చిన్నదీ ఒకటే ఎట్లా అవుతుందని అడుగుతారు కదూ? నేనూ అదే అడిగాను.

మా అమ్మాయి కాపురం బోస్టన్ నగరానికి దగ్గరలో. అక్టోబరులో నేను అక్కడ ఉన్నప్పుడు మా మనవడు, "తాతయ్యా, ఇక్కడ ఫుట్‌బాల్ చేత్తో ఆడతారు, చూద్దువుగాని రా!" అన్నాడు. ముప్ఫైయేళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి కదా, మనవడి దగ్గర పాఠం నేర్చుకోవడానికి మొదట కొంచెం నామోషీ వేసింది. అయినా బయలుదేరాను.

కారులో మూడు గంటల ప్రయాణం. దారి పొడవునా మేపుల్ చెట్లు. ఆ ఋతువులో వాటి ఆకులు కుంకుమలాగానూ, పసుపులాగానూ రంగు మారతాయి. చలికాలం వస్తోందని తెలియగానే చెట్టు ఆకుల్లో ఆకుపచ్చ పదార్థం తయారుచేయడం మానేస్తుంది. అంతవరకూ ఆ పచ్చదనం చాటున దాగి ఉన్న పసుపు రంగు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు కొత్తగా పుడుతుంది. విలియమ్స్‌టౌన్ చేరేసరికి దక్షిణాన గ్రేలాక్ కొండ కనబడింది. దాని ఎత్తు 3,491 అడుగులు. ఆ రాష్ట్రంలో అంతకన్న ఎత్తయిన కొండ లేదు.

ఈ కొండలే రెండు కాలేజీల కథకూ మూలం. ఆ కథ వినండి.

ఎఫ్రాయిమ్ విలియమ్స్ అనే సైనికాధికారి 1755లో ఒక యుద్ధంలో చనిపోయాడు. ఆయన ముందే వీలునామా రాసి ఉంచాడు. తన ఆస్తితో ఆ సరిహద్దు గ్రామంలో ఒక ఉచిత పాఠశాల పెట్టాలి. ఊరికి మాత్రం తన పేరు పెట్టాలి. అట్లా 1791లో బడి తెరిచారు. రెండేళ్లకే, 1793లో, అది విలియమ్స్ కాలేజీ అయింది.

అయితే ఆ రోజుల్లో రైళ్లు లేవు, మంచి రోడ్లు లేవు. కొండలు దాటి అంతదూరం చదువుకు వచ్చేవారు తక్కువ. కాలేజీ అధ్యక్షుడైన జెఫనాయా స్విఫ్ట్ మూర్, "దీన్ని తూర్పున ఉన్న కనెక్టికట్ నది లోయకు తరలిస్తేనే బతుకుతుంది" అన్నాడు. రాష్ట్ర శాసనసభ ఒప్పుకోలేదు. చివరకు 1821లో ఆయన 15 మంది విద్యార్థులను వెంటబెట్టుకుని కొండలు దాటి వెళ్లిపోయాడు. ఆ లోయలో అప్పుడే మొదలైన ఆమర్స్ట్ కాలేజీకి మొదటి అధ్యక్షుడయ్యాడు. పోతూ పోతూ లైబ్రరీలో పుస్తకాలు కూడా ఎత్తుకుపోయారని విలియమ్స్ వాళ్లు ఈనాటికీ వేళాకోళం చేస్తారు. దానికి ఆధారమేమీ లేదు. కాని వేళాకోళానికి ఆధారం ఎందుకు?

పెద్దదిక్కే వెళ్లిపోయాక పాత కాలేజీ ఏమవుతుంది? మూతపడిపోతుందనే అందరూ అనుకున్నారు. అప్పుడు అక్కడ చదివి వెళ్లిన పాత విద్యార్థులు అదే 1821లో కూడుకుని ఒక సంఘం పెట్టారు. మా కాలేజీని మేము బతికిస్తామన్నారు. బతికించారు కూడా. ప్రపంచంలో ఏ కాలేజీకైనా ఏర్పడిన పూర్వ విద్యార్థుల సంఘాల్లో అదే మొదటిదని చెబుతారు. చూశారా! ఒక తగవు వల్ల ఒక కొత్త కాలేజీ పుట్టింది, పాత కాలేజీకి కొత్త బలం వచ్చింది.

ఆ తరువాత రెండు కాలేజీలవారూ మొహాలు చూసుకోవడం మానేశారా? లేదు. 1859 జూలై 1వ తేదీన పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో కలుసుకుని బేస్‌బాల్ ఆడారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి బేస్‌బాల్ పోటీ అదే. ఆమర్స్ట్ 73, విలియమ్స్ 32. మర్నాడు చదరంగం ఆడారు. అందులోనూ ఆమర్స్టే గెలిచింది. 1884లో ఫుట్‌బాల్ మొదలుపెట్టారు. ఒక ఏడు ఇక్కడైతే మరుసటి ఏడు అక్కడ. అప్పటినుంచి లెక్కవేస్తే మొత్తం మీద గెలుపులు విలియమ్స్‌కే ఎక్కువ.

ఇక ఆట సంగతి. మా మనవడు చెప్పినట్టు దీన్ని ఎక్కువగా చేత్తోనే ఆడతారు. మనకు తెలిసిన ఫుట్‌బాల్‌ను వాళ్లు సాకర్ అంటారు. కబడ్డీ తెలిసిన మీకు ఈ ఆట అర్థం కావడం కష్టం కాదు. రెండూ గీతలు దాటే ఆటలే, రెండింటిలోనూ పట్టుకుని పడదోయడం ఉంది.

మైదానం పొడవు 100 గజాలు. రెండు చివరలా పదేసి గజాల గడి ఒకటి ఉంటుంది. ఒక్కొక్క పక్షానికి పదకొండుగురు. బంతి చేతిలో ఉన్న పక్షానికి నాలుగు వంతులు ఇస్తారు. ఆ నాలుగు వంతుల్లో పది గజాల నేల గెలవాలి. గెలిస్తే మళ్లీ నాలుగు వంతులు. గెలవలేకపోతే బంతి ఎదుటివారిది. ఇట్లా గజం గజం గెలుచుకుంటూ ఎదుటివారి చివరి గడిలోకి బంతిని చేరిస్తే 6 మార్కులు. ఆ తరువాత బంతిని రెండు నిలువు గుంజల మధ్యగా తన్నితే మరొక మార్కు. దూరం నుంచే నేరుగా గుంజల మధ్యకు తన్నగలిగితే 3. ఆట కాలం గంటే. కాని గడియారాన్ని మాటిమాటికీ ఆపుతారు కనుక మూడు గంటలు పడుతుంది.

బంతి గుండ్రంగా ఉండదు. పెద్ద బాదంకాయలాగా రెండు కొనలూ సన్నగా ఉంటుంది. పొడవు పదకొండు అంగుళాలు, బరువు 400 గ్రాములు, కాస్త అటూ ఇటూగా. అటువంటి బంతిని నలభై గజాల దూరానికి గురిగా విసరడం ఎట్లా? ఆ రహస్యం మీ జేబులోనే ఉంది. బొంగరం తిరుగుతున్నంతసేపూ నిలబడి ఉంటుంది, తిరగడం ఆగిందా, పడిపోతుంది. విసిరేవాడు బంతిని వదిలే క్షణంలో వేళ్లతో గిర్రున తిప్పుతాడు. తిరిగే వస్తువు తన దిశను తొందరగా మార్చుకోదు. అందువల్ల బంతి పల్టీలు కొట్టకుండా, కొనతో గాలిని చీల్చుకుంటూ సాఫీగా పోతుంది. నవంబరు చలిలో వేళ్లు కొంకర్లు పోతాయి, తోలు గట్టిపడి జారుతుంది, బంతిలో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది. కాబట్టి ఈ పోటీలో విసిరేవాడి వేళ్లు ఎంత వెచ్చగా ఉంటాయన్నది చిన్న విషయం కాదు.

ఎవరు ఏ పక్షమో గుర్తుపట్టడం ఇంకొక చిక్కు. ఎందుకంటే రెండు కాలేజీల రంగూ ఊదాయే! విలియమ్స్‌వారి గుర్తు ఊదారంగు ఆవు. ఆమర్స్ట్‌వారి గుర్తు మామత్, అంటే వేల ఏళ్ల కిందట అంతరించిపోయిన మహా ఏనుగు. ఆ కాలేజీ ప్రదర్శనశాలలో నిజమైన మామత్ అస్థిపంజరం ఉంది. ఈ గుర్తు 2017లోనే వచ్చింది. అంతకు పూర్వం అక్కడివారు తమ జట్టును జెఫ్రీ ఆమర్స్ట్ అనే బ్రిటిష్ సేనాని పేరుతో పిలుచుకునేవారు. ఆ ఊరికి పేరు వచ్చింది ఆయన మీదుగానే. కాని ఆ సేనాని 1763లో రాసిన ఉత్తరాల్లో, మశూచి సోకిన దుప్పట్లతో అక్కడి ఆదివాసులకు రోగం అంటించే ఆలోచనను సమర్థించాడు. అటువంటివాడి పేరు మీద జేజేలు కొట్టడమేమిటని విద్యార్థులు అడిగారు. 2016లో కాలేజీవారు ఆ గుర్తును విడిచిపెట్టారు. పాత అలవాటైనా సరే, తప్పని తెలిస్తే మానుకోవచ్చునన్నమాట.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఈ ఆట చిన్నది ఎందుకు? విలియమ్స్‌లో విద్యార్థులు సుమారు 2,100 మంది, ఆమర్స్ట్‌లో 1,900. మన పట్నాల్లో ఒక పెద్ద హైస్కూలులో ఉండేటంతమంది. అమెరికాలో లక్షమందికి పైగా కూర్చోగల మైదానాలున్న విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అక్కడ ఆట బాగా ఆడేవాడికి ఆటకోసమే ఉపకార వేతనం ఇస్తారు. ఈ రెండు కాలేజీలూ చేరిన తరగతిలో ఆటకని ఒక్క డాలరు కూడా ఇవ్వరు. శనివారం మట్టిలో దొర్లినవాడు సోమవారం రసాయనశాస్త్రం పరీక్ష రాయవలసిందే.

మరి పెద్దది ఎందుకు? అది మాకు ఆ ఊళ్లో కలిసిన ఒక ముసలాయన చెప్పాడు. ఆయన అక్కడి పాత విద్యార్థి. "ఇది ఏడాదిలో ఆఖరి పోటీ. నాలుగో సంవత్సరం చదివే కుర్రాళ్లకు దాదాపు అందరికీ బతుకులోనే ఆఖరి పోటీ. ఈల మోగాక వాళ్లు మళ్లీ ఎన్నడూ ఈ శిరస్త్రాణం పెట్టుకోరు. డాక్టర్లో, టీచర్లో అవుతారు. అందుకే ఆ రోజు ఎవరూ ఒక్క గజం కూడా ఊరికే ఇవ్వరు," అన్నాడు.

ఆ మాట నిజమేననడానికి సాక్ష్యం 1995 నాటి పోటీ. అంతసేపు ఆడినా రెండు పక్షాల్లో ఎవరూ ఒక్క మార్కు తెచ్చుకోలేకపోయారు. 0-0తో ముగిసింది. 1996 నుంచి సమానంగా వస్తే అదనంగా ఆడించే పద్ధతి పెట్టారు కనుక ఇక అటువంటి ఫలితం రాదు. 2007లో ఒక పెద్ద టెలివిజన్ సంస్థవారు, ఎప్పుడూ మహా విశ్వవిద్యాలయాలకు వెళ్లేవారు, ఈ చిన్న ఊరికి వచ్చి తమ కార్యక్రమాన్ని దేశమంతటికీ చూపించారు.

విలియమ్స్ గెలిస్తే ఒక వేడుక ఉంది. ఆటగాళ్లు ఆ మురికి బట్టలతోనే, పాట పాడుకుంటూ, స్ప్రింగ్ వీధి గుండా ఒక క్షౌరశాల దాకా నడిచి వెళతారు. 1971 నుంచి ఇది ఆనవాయితీ. మా మనవడూ నేనూ ఆ వీధి పొడవునా నడిచాం. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ అయిదు నిమిషాల నడకకోసం కుర్రాళ్లు ఏడాదంతా కష్టపడతారు!

ఆ వీధిలో నడుస్తూ ఉండగా నాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. అది కూడా మీకు చెప్పాలి.

నేను హెడ్మాస్టరుగా ఉన్న బడికీ, ఏటి అవతలి ఊరి బడికీ ఏటా రిపబ్లిక్ దినోత్సవంనాడు కబడ్డీ పోటీ జరిగేది. ఒక సంవత్సరం రిఫరీ తీర్పు మీద తగాదా వచ్చి, రాళ్లు రువ్వుకునేదాకా వెళ్లింది. ఒక పిల్లవాడి నుదురు చిట్లింది. మర్నాడు నేను నోటీసు పుస్తకంలో "ఇకమీదట పోటీలు లేవు" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. తరువాత బడిలో ఆ గొడవే లేదు. కాని పదేళ్లు గడిచేసరికి మా పిల్లల్లో ఒక్కడికి కూడా ఏటి అవతలి పిల్లల పేర్లు తెలియవు. దెబ్బలాటతోపాటు పరిచయాన్ని కూడా నేనే కొట్టివేశాను. రిఫరీని మార్చవచ్చు, పెద్దలను కూర్చోబెట్టవచ్చు, తప్పుచేసినవాళ్లను ఒక ఏడాది ఆడనివ్వకపోవచ్చు. ఇవేవీ నాకు ఆనాడు తోచలేదు.

విలియమ్స్‌వారికీ, ఆమర్స్ట్‌వారికీ మధ్య వచ్చిన తగవు మా రాళ్ల తగవుకన్న చిన్నదేమీ కాదు. ఒక కాలేజీ మనుగడకే వచ్చిన తగవది. అయినా వాళ్లు కొండలు దాటి ఒకరి ఊరికి ఒకరు వస్తూనే ఉన్నారు.

ఈసారి ఎవరు గెలుస్తారు? నేను జోస్యం చెప్పను. ఆట చూసే వీలు మీకు దొరికితే మూడు సంగతులు గమనించండి: నాలుగో వంతులో ఇంకా ఒక్క గజం మిగిలినప్పుడు ఏ పక్షం ధైర్యం చేస్తుందో, చలిగాలిలో ఎవరి బంతి బొంగరంలా తిరుగుతుందో, ఈల మోగాక ఓడినవారు గెలిచినవారి దగ్గరకు ఎట్లా నడిచి వస్తారో. మా మనవడు ఆవు పక్షం. పాత ఎముకలన్నా, పాత మాస్టర్లన్నా నాకు అభిమానం గనుక నేను మామత్ పక్షం.

తిరిగి వచ్చిన రాత్రే నేను మా బడి ప్రస్తుత హెడ్మాస్టరుగారికి ఒక ఉత్తరం రాశాను. రిపబ్లిక్ దినోత్సవానికి ఇంకా వ్యవధి ఉంది, ఏటి అవతలివారిని ఒకసారి పిలిచి చూడండి, రిఫరీ ఖర్చు నేను పెట్టుకుంటాను అని. జవాబు ఇంకా రాలేదు. ఎదురుచూస్తున్నాను.