అక్టోబరు నెల ఆటలు

క్రికెట్ తెలిసిన మన పాఠకులకు బేస్‌బాల్ గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒకరు బంతి విసరుతారు, ఒకరు గుండ్రని బ్యాటుతో కొడతారు. జట్టుకు తొమ్మిది మంది, తొమ్మిది ఇన్నింగ్సులు. సమానముగా ఉంటే ఎవరో ఒకరు గెలిచే వరకు ఆడుతూనే ఉంటారు.

మేము 2000వ సంవత్సరములో అమెరికాలోని సియాటిల్ నగరమునకు వచ్చాము. అక్కడి జట్టు పేరు మెరినర్స్. మార్చి నెలాఖరు మొదలు సెప్టెంబరు నెలాఖరు వరకు ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది, అనగా దాదాపు ప్రతిదినము ఒక ఆట. మాకు నచ్చినది అదే. నేడు ఓడితే రేపు మరొకటి ఉన్నది. సాయంత్రము వంటింట్లో రేడియో పెట్టుకొని, డేవ్ నీహాస్ గారి గొంతు వింటూ కూరగాయలు తరుగుకొనేవాళ్ళము. 1977లో జట్టు పుట్టిన నాటినుండి ఆయనే దాని ఆటలను వర్ణించేవారు.

ఈ ఆటలన్నీ ముగిసిన తరువాత, ఎక్కువ గెలిచిన కొన్ని జట్లకు మాత్రమే అక్టోబరు ఆటలు ఉంటాయి. చివరిది వరల్డ్ సిరీస్. ఊరంతా ఎదురుచూచే ఆ నెల అంటే మాకు సగము ఆశ, సగము భయము.

దానికి కారణము 2001. ఆ యేడు తెనాలి దగ్గరనున్న మా ఊరి నుండి నాన్నగారు వచ్చి ఆరు నెలలు మా యొద్ద ఉన్నారు. ఇంగ్లీషు రాకపోయినా రేడియో దగ్గర కూర్చునేవారు. జనులు కేకవేస్తే, “మనమేనా?” అని అడిగేవారు. చాలాసార్లు మనమే! ఆ యేడు మెరినర్స్ 116 ఆటలు గెలిచారు. అంతకు ముందు అన్ని ఆటలు గెలిచినది 1906లో చికాగో కబ్స్ జట్టు ఒక్కటే. (వారు కూడ వరల్డ్ సిరీస్‌లో ఓడిపోయారట. ఆ సంగతి మాకు తరువాత తెలిసినది.)

అక్టోబరులో న్యూయార్క్ యాంకీస్‌తో ఆడవలసి వచ్చినది. సెప్టెంబరు 11 జరిగి నెల దాటినది అంతే. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేండ్లు. కుటుంబ ప్రార్థనలో, “మెరినర్స్ గెలవాలని ప్రార్థన చేయవచ్చునా తాతయ్యా?” అని అడిగాడు. నాన్నగారు కొంచెము ఆలోచించి, “ఆ ఊళ్లో ఇంకా శిథిలాలు తవ్వుతున్నార్రా. వాళ్ళకి కాస్త సంతోషం దొరికితే మనకేం పోతుంది?” అన్నారు. వాడు ఏడ్చాడు. మాకును ఏమి కోరుకొనవలెనో తెలియలేదు. ఐదు ఆటలలో నాలుగు ఓడిపోయి మెరినర్స్ ఇంటికి వచ్చారు. “ఆరు నెలలు పండించిన చేను, ఐదు పూటల్లో కొలిచేశారు” అన్నారు నాన్నగారు. ఆయన వరి రైతు. కోతవేళ తుపాను ఎన్నిమార్లు చూశారో.

ఆ తరువాత 21 సంవత్సరములు అక్టోబరు మా ఊరికి రాలేదు. భయపడేవారము సంతోషించవలెను గదా! లేదు. సెప్టెంబరు చివరి ఆదివారము రేడియో కట్టేసినప్పుడెల్లా ఇల్లు బోసిగా ఉండేది. నీహాస్ గారు 2010 నవంబరులో మరణించారు. మెరినర్స్ వరల్డ్ సిరీస్‌ను వర్ణించే దినము ఆయనకు రాలేదు. నాన్నగారు 2014లో వెళ్ళిపోయారు. ఫోనులో చివరివరకు, “మన వాళ్ళెట్లా ఆడుతున్నారు?” అనేవారు.

2022లో మరల వచ్చినది. అక్టోబరు 15, శనివారము, హ్యూస్టన్ జట్టుతో 18 ఇన్నింగ్సులు, ఆరు గంటలకు పైగా ఆట సాగినది. మేము అన్నము తినుట మరచాము. మెరినర్స్ ఒక్క పరుగైనను చేయలేదు. 1-0తో ఓడి ఆ యేటికి ముగించారు.

ఇక 2025. టొరంటోలో ఏడవ ఆట. గెలిస్తే వరల్డ్ సిరీస్. ముప్పై జట్లలో అది ఎన్నడును ఆడనిది మెరినర్స్ ఒక్కటే. 3-1తో ముందున్నాము, ఇక ఎనిమిది అవుటులే కావలెను. మాలో ఒకరము అంట్లు తోమే నెపముతో లేచిపోయాము, రెండవవారము టీవీ ముందు కండ్లు మూసుకొన్నాము. టొరంటో ఆటగాడు జార్జ్ స్ప్రింగర్ బంతిని ప్రేక్షకుల మధ్యకు కొట్టాడు, మూడు పరుగులు. 4-3. అంతే.

కొంతసేపటికి చికాగో నుండి అబ్బాయి ఫోను చేశాడు. ఇప్పుడు వానికి 32 ఏండ్లు. ఎవరమూ ఆట సంగతి ఎత్తలేదు. మనుమరాలు నిద్రపోయినదా అని అడిగాము. నిద్రపోయినదన్నాడు. పెట్టేసే ముందు, “తాతయ్య ఉంటే ఏమనేవారు?” అన్నాడు.

“మార్చి ఎంత దూరమో అడిగేవారు” అన్నాము. వాడు లెక్కపెట్టి చెప్పాడు.